మిరప ఘాటు, చిట్టెలుక, క్లోమంలో లంకలు

మార్చి నెలలో గుంటూరు మిర్చి యార్డుకి వెళ్లినవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. గేటు దాటకముందే ముక్కు కారడం మొదలవుతుంది. టిక్కీలు (మిరపకాయల బస్తాలు) దింపే హమాలీలు మూతికి తువ్వాలు చుట్టుకుని మామూలుగానే తిరుగుతుంటారు గానీ, నాలాంటివాడు దగ్గకుండా పది అడుగులు వేయలేడు. మా మేనమామకి అక్కడ కమీషన్ కొట్టు ఉంది. ముప్పై ఏళ్లుగా ఆ ఘాటులోనే బతుకుతున్నాడు కాబట్టి ఆయనకి దగ్గు రాదు. షుగర్ మాత్రం వచ్చింది.

ఈ సీజన్‌లో ఓ రోజు కొట్లో కూర్చుని ఉంటే ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు. వాట్సాప్ మెసేజ్. పైన ఎర్ర మిరపకాయల ఫొటో, కింద నాలుగు లైన్లు. మిరపకాయ ఘాటు షుగర్‌ని నయం చేస్తుందని విదేశాల్లో ఎలుకల మీద రుజువైందట, పది మందికీ పంపాలట.

"ఏరా అబ్బాయ్, నువ్వు ఎలకల మీదే కదా చదివింది? ఇదేమన్నా నిజమేనా? నిజమైతే మన గుంటూరులో ఒక్కడికీ షుగర్ ఉండకూడదే!"

నవ్వేసి ఊరుకోవచ్చు. కానీ ఆ మెసేజ్ పూర్తిగా అబద్ధం కాదు, చిక్కంతా అక్కడే. పైగా మామయ్య తన షుగర్ గురించి అడగట్లేదని నాకు తెలుసు. ఆయనకి మాత్రలు అలవాటైపోయాయి. ఆయన మనవరాలికి తొమ్మిదేళ్లు. రెండేళ్లుగా రోజుకి నాలుగుసార్లు ఇన్సులిన్ పొడిపించుకుంటోంది. ఇంట్లో అలాంటి పిల్ల ఉంటే ఏ మెసేజ్ వచ్చినా ఒకసారి చదవకుండా తీసేయబుద్ధి కాదు.

ఆయనకి ఆ రోజు ముక్కలు ముక్కలుగా, మధ్యలో రైతులు వచ్చి పోతుండగా చెప్పిన సంగతినే ఇక్కడ కాస్త కుదురుగా రాస్తున్నాను.

పొట్ట వెనక అడ్డంగా పడుకున్నట్టుండే గ్రంథి క్లోమం. జానెడు కూడా ఉండదు. దానిలో చాలా భాగం అరుగుదల రసాలు తయారుచేస్తుంది. 1869లో బెర్లిన్‌లో పాల్ లాంగర్‌హాన్స్ అనే వైద్య విద్యార్థి దీన్ని మైక్రోస్కోప్ కింద చూస్తూ, మధ్యమధ్యలో చుట్టుపక్కలవాటితో పొత్తు లేనట్టున్న చిన్న చిన్న కణాల గుంపులు గమనించాడు. అవి ఏం చేస్తాయో ఆయనకి అంతుపట్టలేదు. తర్వాతివాళ్లు వాటికి ఆయన పేరే పెట్టారు. మన బడి పుస్తకాల్లో 'లాంగర్‌హాన్స్ పుటికలు' అని చదువుకున్నాం కదా, అవే. పుటిక అంటే ఏమిటో నాకు ఇంటర్‌లో ఎవరూ చెప్పలేదు. బయట దేశాలవాళ్లు వాడే మాటకి అర్థం చిన్న ద్వీపం అని. ఆ సంగతి తెలిసినప్పటి నుంచీ నాకు అవి లంకలే. బ్యారేజి దిగాక కొల్లిపర, కొల్లూరు వైపు కృష్ణ మధ్యలో ఉంటాయే, చుట్టూ నీళ్లు, నడుమ అరటి తోటలు, అలాగన్నమాట.

మనిషి క్లోమంలో ఇలాంటి లంకలు సుమారు 10 లక్షలు ఉంటాయి. అన్నీ పోగేసి తూచినా గ్రంథి బరువులో నూటికి ఒకటో రెండో వంతులు. ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు ఉండేది ఈ లంకల్లోనే. మామయ్యది టైప్ 2. ఆయన లంకలు పనిచేస్తున్నాయి గానీ ఒళ్లు ఇన్సులిన్ మాట వినడం తగ్గించింది, లంకలు కూడా మెల్లగా అలిసిపోతున్నాయి. పాపది టైప్ 1. రోగాల మీద పోరాడాల్సిన రక్షక కణాలు, ముఖ్యంగా టి కణాలు, దారితప్పి సొంత బీటా కణాల మీదే పడ్డాయి. ఇలా రక్షక కణాలు లంకని ముట్టడించడాన్ని ఇన్సులిటిస్ అంటారు. ఆ పేరు 1940లో వాన్ మేయెన్‌బర్గ్ పెట్టాడు. కొత్తగా షుగర్ బయటపడి చనిపోయిన చిన్నవయసువాళ్ల క్లోమాలను బెల్జియంలో విల్లీ గెప్ట్స్ పరీక్షించి, చాలామందిలో ఈ ముట్టడి ఉందని 1965లో చూపించాడు. అప్పటిదాకా దీన్ని అరుదైన విషయం అనుకునేవాళ్లు.

ఇన్‌ఫ్లమేషన్‌ని తెలుగులో వాపు అని రాసేస్తుంటాం. కాలు బెణికితే వచ్చే వాపులాంటిది కాదిది. బయటికి కనపడదు, నొప్పి ఉండదు. నెలలో, ఏళ్లో లోలోపల నడిచి, బీటా కణాలు సరిపోనంతగా తగ్గాక ఒకరోజు పిల్ల గుక్క తిప్పుకోకుండా నీళ్లు తాగడం, రాత్రిళ్లు పక్క తడపడం మొదలవుతుంది. అప్పుడు కొత్తపేట ఆస్పత్రులకి పరుగెత్తుతాం. ఆ పరుగు మొదలయ్యేసరికి లోపల కథ చాలా దూరం నడిచిపోయి ఉంటుంది. అందుకే శాస్త్రవేత్తలకి చిట్టెలుకలు కావాల్సి వచ్చాయి. బతికున్న మనిషి క్లోమాన్ని వారం వారం కోసి చూడలేం కదా.

తెలుగులో ఒక ఇబ్బంది ఉంది. ప్రయోగశాలలో తెల్లగా పావుకిలో తూగేదాన్నీ ఎలుకే అంటాం, పాతిక గ్రాముల పిల్ల జీవినీ ఎలుకే అంటాం. రెండోది చిట్టెలుక. షుగర్ పరిశోధనలో ఈ తేడాకి విలువ ఉంది. అంతకంటే విలువైన తేడా ఇంకొకటుంది. షుగర్ చిట్టెలుక అనేది ఒకటి కాదు, కనీసం మూడు రకాలు. ఆ మూడింటికీ ఉన్న జబ్బులు వేరు వేరు.

మొదటిది పుట్టుకతోనే ఆ గీత రాసుకొచ్చింది. జపాన్‌లో షియోనోగి కంపెనీ ప్రయోగశాలలో కంటి శుక్లాల కోసం పెంచుతున్న చిట్టెలుకల వంశంలో నుంచి, ఊబకాయం లేకుండానే షుగర్ తెచ్చుకునే వంశం ఒకటి బయటపడింది. 1980లో మకినో బృందం దాని గురించి రాసింది. పేరు ఎన్‌ఓడీ. పుట్టిన మూడు నాలుగు వారాలకే దాని లంకల చుట్టూ రక్షక కణాలు చేరడం మొదలవుతుంది. పన్నెండో వారం దాటాక ఒక్కొక్కదానికే షుగర్ వస్తుంది. 30 వారాలొచ్చేసరికి ఆడవాటిలో నూటికి 60 నుంచి 80, మగవాటిలో 20, 30. మనుషుల్లో ఆడా మగా మధ్య ఇంత తేడా లేదు, అదొకటి గుర్తుంచుకోవాలి.

ఇందులో నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది ఆ మధ్యలో గడిచే రెండు నెలలు. కణాలు లంక అంచున చేరి వారాల తరబడి అక్కడే ఉంటాయి. లోపలికి రావు. ఆ తర్వాత ఎప్పుడో చొరబడతాయి. లంక ఊళ్లవాళ్లని అడగండి, నీళ్లు గట్టు దాకా రావడం వేరు, గట్టు తెగడం వేరు అంటారు. సరిగ్గా ఆ తేడానే. ఏ మందు పరీక్షించినా అసలు ప్రశ్న ఇదే: ఇది నీళ్లని రానివ్వలేదా, వచ్చిన నీళ్లు గట్టు తెంపకుండా ఆపిందా, లేక తెగాక వెనక్కి పంపిందా?

రెండో రకం మందు పెట్టి తయారుచేసింది. దీన్ని నేను చేతులారా చేశాను, అయితే చిట్టెలుకల్లో కాదు, పెద్ద ఎలుకల్లో. మన గుంటూరు, విజయవాడ మధ్య ఫార్మసీ కాలేజీలకి కొదవ లేదు. వాటిలో ఒకదాంట్లో ఎం.ఫార్మసీ చేస్తూ షుగర్‌కి వాడే పొడపత్రి ఆకు సారం మీద థీసిస్ పెట్టుకున్నాను. స్ట్రెప్టోజోటోసిన్ అనే పదార్థం ఉంటుంది, మట్టిలో ఉండే ఒక బ్యాక్టీరియా నుంచి తీసింది. చక్కెర కణాల్లోకి వెళ్లే తలుపు గుండానే ఇది బీటా కణంలోకి దూరి లోపల్నుంచి చంపుతుంది. కలిపిన కాసేపటికే చెడిపోతుంది కాబట్టి ఐసులో పెట్టిన బఫర్‌లో అప్పటికప్పుడు కలిపి గబగబా ఎక్కించాలి. అదంతా బాగానే చేశాను. చచ్చిపోయే బీటా కణాలు తమ దగ్గరున్న ఇన్సులిన్ మొత్తం ఒక్కసారి రక్తంలోకి ఒలకబోస్తాయని, ఆ రాత్రి నీళ్ల బదులు గ్లూకోజ్ నీళ్లు పెట్టాలని చదివి కూడా మర్చిపోయాను. పొద్దున్నే వెళ్లి చూస్తే ఆరింటిలో నాలుగు కొయ్యబారిపోయి ఉన్నాయి. మా గైడ్ తిట్టలేదు. "మళ్లీ ఎథిక్స్ కమిటీకి రాసుకో" అన్నారంతే. తిడితేనే బాగుండేది.

తర్వాతి విడత సరిగ్గా చేశాను. పొడపత్రి ఇచ్చినవాటికి చక్కెర కొంత తగ్గింది, థీసిస్ పాసైంది. కానీ ఇప్పుడు వెనక్కి చూసుకుంటే నేను రుజువు చేసిందేమిటి? ఒక విషం దెబ్బ నుంచి ఎలుక కొంచెం కోలుకుందని. అక్కడ టి కణాల దాడి లేదు, ముట్టడి లేదు. పైగా మనిషి బీటా కణాలు ఈ విషానికి అంత తేలిగ్గా లొంగవు కూడా. మన దగ్గర నేరేడు గింజలు, కాకర, మెంతులు, తిప్పతీగ మీద వచ్చే వార్తల్లో చాలావాటి వెనక ఉండేది ఇలాంటి ఎలుకే. 'షుగర్ ఎలుకల్లో పనిచేసింది' అన్న మాట అబద్ధం కాదు. ఏ షుగర్ అన్నది మాత్రం చెప్పరు. ఇదే పదార్థాన్ని చిట్టెలుకలకి ఒకేసారి కాకుండా చిన్న మోతాదుల్లో ఐదు రోజులు ఇస్తే, చచ్చిన కొద్ది కణాలని చూసి రక్షక కణాలు కూడా రంగంలోకి దిగి ఇన్సులిటిస్ వస్తుందని 1976లో లైక్, రొస్సీని చూపించారు. ఒకే సీసా, ఇచ్చే పద్ధతి మారితే జబ్బే మారిపోయింది.

మూడో రకం బొద్దు చిట్టెలుక. ఆకలికి కళ్లెం వేసే లెప్టిన్ సంకేతం అందక తింటూనే ఉంటుంది. ఇది మామయ్య బాపతు, దీని సంగతి తర్వాత.

ఇప్పుడు మిరపకాయ దగ్గరికి వద్దాం. నోట్లో మంట పుట్టించే పదార్థం క్యాప్సైసిన్. అది నరాల చివర ఉండే టీఆర్‌పీవీ1 అనే తలుపుని తట్టి తెరుస్తుంది. వేడిని గుర్తుపట్టేదీ అదే తలుపు, అందుకే కారానికి ఒళ్లు మండినట్టుంటుంది. దీన్ని 1997లో పట్టుకున్నందుకే డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్‌లో భాగం దక్కింది. ఈ తలుపున్న నరాలు క్లోమంలోకి కూడా పాకి లంకలని అల్లుకుని ఉంటాయి.

2006లో టొరంటోలోని ఒక బృందం (1921లో ఇన్సులిన్ దొరికింది కూడా ఆ ఊళ్లోనే) ఎన్‌ఓడీ చిట్టెలుక పిల్లలకి పుట్టీపుట్టగానే క్యాప్సైసిన్ ఎక్కించింది. పసిగుడ్డుకి అంత మోతాదు ఇస్తే ఆ నరాలు మాడి చచ్చిపోతాయి. అలా నరాలు పోయిన చిట్టెలుకల్లో లంకల ముట్టడి బాగా తగ్గింది, షుగర్ కూడా చాలావాటికి రాలేదు. ఎందుకని వెతికితే, ఎన్‌ఓడీ వంశానికి ఆ తలుపు పుట్టుకతోనే కాస్త లోపంతో ఉందని తేలింది. దానివల్ల నరాలు సబ్‌స్టెన్స్ పీ అనే పదార్థాన్ని తగినంత వదలడం లేదు, బీటా కణాలు ఒత్తిడిలో ఉంటున్నాయి. షుగర్ వచ్చేసిన చిట్టెలుకలకి ఆ పదార్థాన్ని క్లోమానికి పోయే రక్తనాళంలోకే ఎక్కిస్తే కొన్నింటికి చక్కెర మామూలుకొచ్చింది. పత్రికలు ఎలా రాశాయో మీరే ఊహించుకోవచ్చు. ఇన్నేళ్లయినా ఆ ఇంజెక్షన్ మనుషులకి మందుగా రాలేదు.

కొన్నేళ్లకి, 2012లో, అమెరికాలోని కనెక్టికట్‌లో ఇంకో ప్రయోగం అచ్చయింది. ఈసారి ఎన్‌ఓడీ చిట్టెలుకలకి క్యాప్సైసిన్ నోటి ద్వారా పట్టించారు. పేగు దగ్గర దాని ప్రభావంతో క్లోమం పక్కనుండే లింఫ్ గ్రంథుల్లో మాక్రోఫేజ్‌లు అనే రక్షక కణాల్లో ఒక రకం పెరిగాయి. గొడవని సద్దుమణిగించే పెద్దమనుషుల్లాంటివి అవి. టి కణాల దూకుడు తగ్గింది, షుగర్ నుంచి రక్షణ దొరికింది.

మామయ్య ఫోన్లోని మెసేజ్ ఈ రెండింటినీ కలిపి వండిన పులగం. కానీ జాగ్రత్తగా చూడండి. మొదటి ప్రయోగంలో నరం చావడం వల్ల మేలు జరిగింది. రెండోదాంట్లో ఆ తలుపుని తట్టడం వల్ల జరిగింది. ఒకటి ఇంజెక్షన్, పసికందుకి. రెండోది నోట్లో పోసింది, షుగర్ రాకముందు. ఒకే పదార్థం, దాదాపు ఎదురెదురు దారులు. రెంటిలోనూ ఉన్నది పుట్టుకతోనే ఆ తలుపు లోపంతో ఉన్న చిట్టెలుక. దీన్ని తీసుకొచ్చి తేజ రకం మిరపకాయకి, మన మధ్యాహ్నం పచ్చడికి ముడిపెడితే ఎలా?

"అంటే ఎలకలకి అబద్ధం కాదు, మనకి నిజం కాదు" అన్నాడు మామయ్య. నేను గంటసేపు చెప్పింది ఆయన ఒక ముక్కలో తేల్చేశాడు. అయినా నేను ఆగలేదు, ఎందుకంటే ఇక్కడ ఇంకో విడ్డూరం ఉంది.

ఎన్‌ఓడీ చిట్టెలుకకి షుగర్ రాకుండా ఆపడం పెద్ద కష్టం కాదు. అలా ప్రయత్నించిన పద్ధతుల్ని 2005లో లెక్కేస్తే అప్పటికే 400 దాటాయి. వాటిలో చాలావరకు ఏదో ఒక మేర పనిచేసినవే. బోను మరీ శుభ్రంగా ఉంచకపోయినా షుగర్ తగ్గుతుంది. కొన్ని వైరస్‌లు సోకినా తగ్గుతుంది. మేత మార్చి, ప్రోటీన్‌ని ముందే విరగ్గొట్టి పెట్టినా తగ్గుతుంది. మన పిల్లలందరికీ పుట్టగానే భుజం మీద వేసే బీసీజీ టీకా వేసినా తగ్గుతుంది. ఇన్నిటికి ఆగిపోయే జబ్బు విషయంలో 'మా మందుకీ ఆగింది' అంటే దాని బరువెంత? పరీక్ష పేపర్ అంత సులువైనప్పుడు ఫస్ట్ క్లాసు వచ్చిందని మురిసిపోయేదేముంది?

ఇందులో కీలకం సమయం. నాలుగైదు వారాల వయసులో, నీళ్లు ఇంకా గట్టు చేరకముందు ఇస్తే పనిచేసేవి బోలెడు. షుగర్ వచ్చేశాక ఇచ్చి వెనక్కి మళ్లించగలిగినవి కొన్నే. ఆస్పత్రికి వచ్చే పిల్ల మాత్రం ఎప్పుడూ రెండో దశలోనే వస్తుంది.

లెక్కించడంలో కూడా ఒక మాయ ఉంది, ఇది మైక్రోస్కోప్ దగ్గర కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. క్లోమాన్ని పల్చగా కోసి రంగు అద్దితే ముదురు గులాబీ నేల మీద లేత మచ్చల్లా లంకలు కనిపిస్తాయి. ముట్టడించిన రక్షక కణాలు నీలం చుక్కల్లా దట్టంగా ఉంటాయి. చూసేవాళ్లు ఒక్కో లంకకి మార్కు వేస్తారు: శుభ్రంగా ఉంటే 0, అంచున ఉంటే 1, లోపలికి దూరినకొద్దీ పెరుగుతూ పోతుంది. సగటు తీసి, మందు ఇచ్చిన గుంపులో మార్కు తక్కువ వచ్చింది కాబట్టి ఇన్‌ఫ్లమేషన్ తగ్గింది అంటారు. సరే. కానీ బీటా కణాలన్నీ చచ్చిపోయాక రక్షక కణాలకి అక్కడ పని ఉండదు, వెళ్లిపోతాయి. మిగిలిన లంక చిన్నగా, ముడుచుకుపోయి, శుభ్రంగా కనిపిస్తుంది. మార్కు 0. పూర్తిగా మాయమైన లంకలైతే లెక్కలోకే రావు. ఇల్లు మొత్తం కాలిపోయాక మంట లేదని సంతోషించినట్టే ఇది. అందుకే ఇన్సులిన్‌కి విడిగా రంగు వేసి బీటా కణాలు ఎన్ని మిగిలాయో కూడా చూపించారా, మార్కులు వేసినవాళ్లకి ఏ స్లయిడ్ ఏ గుంపుదో తెలియకుండా జాగ్రత్తపడ్డారా అని నేను ముందు వెతుకుతాను. నా థీసిస్‌లో ఈ రెండూ లేవు. స్లయిడ్లు చూసింది నేనే, పేర్లు రాసిందీ నేనే.

మనిషి లంకలు ఇంకో రకంగా మోసం చేస్తాయి. చిట్టెలుకలో రక్షక కణాలు జాతరకి వచ్చినట్టు గుమిగూడతాయి. మనిషిలో చాలా పల్చగా ఉంటాయి. ఒక లంక చుట్టూ 15 కణాలు, అలాంటి లంకలు కనీసం మూడు కనిపిస్తే ఇన్సులిటిస్ అనొచ్చని 2013లో నిపుణులు ఒప్పందానికి వచ్చారు. పక్కపక్కనే ఒక భాగం అంతా పోయి, ఇంకో భాగం చెక్కుచెదరకుండా ఉండటం కూడా మామూలే. చిట్టెలుకలో వరదని ఆపిన మందు మనిషిలోని ఈ సన్నటి ఊటని ఆపుతుందన్న హామీ లేదు.

హామీ లేదనేది ఊరికే అనుమానం కాదు, చేసి చూశారు. నికోటినమైడ్ అని ఒక బి విటమిన్ ఉంది, చిట్టెలుకల్ని కాపాడింది. షుగర్ వచ్చే అవకాశం ఎక్కువున్న 552 మందిమీద ఐదేళ్లు పరీక్షిస్తే 2004లో ఫలితం వచ్చింది: ఇచ్చినవాళ్లకీ ఇవ్వనివాళ్లకీ తేడా లేదు. నోటి ద్వారా ఇన్సులిన్ ఇస్తే రక్షక కణాలు దాన్ని తమదిగా గుర్తిస్తాయని చిట్టెలుకల్లో తేలింది. 372 మందిలో 2005 నాటికి మొత్తం మీద ఫలితం లేదు. ప్రోటీన్ విరగ్గొట్టిన పాలపొడి సంగతీ అంతే. 15 దేశాల్లో 2,000 మందికి పైగా పసిపిల్లలతో ఏళ్ల తరబడి చేసిన పరీక్ష 2018లో చేతులెత్తేసింది. బీసీజీని కొత్తగా షుగర్ వచ్చిన పిల్లలకి వేసి చూసినా ఉపయోగం కనపడలేదు.

వీటి మధ్యలో ఒకటి మాత్రం గట్టెక్కింది. 1994లో పారిస్‌లో లూసియెన్ షతెనూ బృందం, టి కణాల పైనుండే సీడీ3 అనే గుర్తుకి అతుక్కునే యాంటీబాడీ అనే ప్రోటీన్‌ని ఎన్‌ఓడీ చిట్టెలుకలకి ఇచ్చింది. ఇక్కడ తేడా ఏమిటంటే, షుగర్ అప్పుడే బయటపడిన చిట్టెలుకలకి ఇచ్చారు. ఐదు రోజులే ఇచ్చారు. ఎక్కువవాటిలో షుగర్ వెనక్కి మళ్లింది, మందు ఆపేశాక కూడా నెలల తరబడి అలాగే ఉంది. ఇంకా ముచ్చటైన సంగతి, లంకల్లోని రక్షక కణాలు మొదట ఖాళీ అయ్యి, కొన్నాళ్లకి మళ్లీ అంచుకి వచ్చి చేరాయి. కానీ ఈసారి లోపలికి దూరలేదు. నీళ్లు మళ్లీ వచ్చాయి, గట్టు తెగలేదు. కాబట్టి ఎన్ని కణాలు చేరాయన్నది ఒక్కటే కాదు, చేరి ఏం చేస్తున్నాయన్నది ముఖ్యం. మార్కుల పద్ధతి పట్టుకోలేని విషయం ఇదే.

ఆ చిట్టెలుకల నుంచి మందుల షాపు దాకా 28 ఏళ్లు పట్టింది. మనుషుల కోసం మార్చిన యాంటీబాడీ పేరు టెప్లిజుమాబ్. 2002లో కెవన్ హెరాల్డ్ బృందం కొత్తగా షుగర్ వచ్చిన 24 మందితో మొదలుపెట్టింది. 2019లో, ఇంకా షుగర్ రాని, కానీ రక్తంలో సొంత లంకల మీదే తయారైన యాంటీబాడీలు ఉండి చక్కెర అప్పుడే కాస్త తడబడుతున్న, టైప్ 1 వాళ్ల బంధువులు 76 మందికి 14 రోజులు ఇచ్చి చూశారు. మందు తీసుకోనివాళ్లకి షుగర్ రావడానికి మధ్యస్థంగా 24 నెలలు పడితే, తీసుకున్నవాళ్లకి 48 నెలలు పట్టింది. 2022 నవంబరులో అమెరికా దీనికి అనుమతి ఇచ్చింది, ఎనిమిదేళ్లు దాటినవాళ్లకి. నయం చేయడానికి కాదు, వాయిదా వేయడానికి. రెండేళ్ల వాయిదా ఏపాటిది అని మీకు అనిపిస్తే, రోజుకి నాలుగు సూదులని 700 రోజులతో గుణించండి. ఆ సూదులు వేసే అమ్మకి ఆ లెక్క నోటికొచ్చు.

మిగతా దారులూ కొన్ని తెరుచుకుంటున్నాయి. కీళ్లవాతానికి వాడే బారిసిటినిబ్ మాత్ర రక్షక కణాలకీ బీటా కణాలకీ మధ్య నడిచే సంకేతాన్ని అడ్డుకుంటుంది. ఈ తరహా మందులు ఎన్‌ఓడీ చిట్టెలుకల్లో పనిచేశాక, షుగర్ బయటపడి వంద రోజులు దాటని 91 మందిలో పరీక్షించి 2023లో ఫలితం చెప్పారు. 48 వారాలు మాత్ర తీసుకున్నవాళ్లకి సొంత ఇన్సులిన్ మెరుగ్గా నిలిచింది, ఆపేశాక ఆ లాభం కరిగిపోయింది. వెరపమిల్ అనే పాత బీపీ మందు రక్షక కణాల జోలికి పోకుండా బీటా కణానికే ఓపిక పెంచుతుంది. అదే ఏడాది 88 మంది పిల్లల్లో చూస్తే, ఏడాది చివర సి-పెప్టైడ్ 30 శాతం ఎక్కువగా ఉంది. సి-పెప్టైడ్ అంటే సొంత ఇన్సులిన్ తయారైనప్పుడు జంటగా వచ్చే ముక్క. బయట్నుంచి పొడిచే ఇన్సులిన్‌లో అది ఉండదు, కాబట్టి లంకల్లో ఇంకా ఎంత ప్రాణం ఉందో చెప్పే సాక్షి అదే. వీటిలో ఏదీ ఇన్సులిన్‌ని మాన్పించలేదు. డాక్టర్ చెప్పకుండా కొనుక్కుని పిల్లలకి వేసేవి అసలే కావు.

మామయ్య వంతు వచ్చింది. టైప్ 2లో కూడా లంకల్లో ఇన్‌ఫ్లమేషన్ ఉంటుంది, కానీ టి కణాల దండయాత్ర కాదు. ఎక్కువైన చక్కెర, కొవ్వు దెబ్బకి మాక్రోఫేజ్‌లు చేరి ఐఎల్-1 అనే రసాయనాన్ని చిమ్ముతాయి. దాన్ని అడ్డుకునే అనకిన్రాని 2007లో 70 మంది టైప్ 2 వాళ్లలో 13 వారాలు పరీక్షిస్తే, మూడు నెలల షుగర్ సగటు అరశాతానికి కొంచెం తక్కువగా తగ్గింది. అదే మందు టైప్ 1 వాళ్లకి 2013లో ఏ పనీ చేయలేదు. పేరు ఒకటే షుగర్, లోపలి గొడవ వేరు అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఆ అరశాతం కోసం రోజూ సూది పొడిపించుకుంటావా అంటే మామయ్య చెయ్యి ఊపాడు. సాయంత్రం నడక, రాత్రి అన్నం తగ్గించడం అనే మాటలు కూడా అన్నాను. అవి వినపడనట్టు ఒక టిక్కీ విప్పి కాయ తుంచి వాసన చూశాడు.

కాసేపటికి ఆయనే అన్నాడు. "మిరపకాయ సంగతి సరేరా. ఆ బంధువులకి పరీక్ష చేశారన్నావే, అదేంటి?"

పాపకి ఐదేళ్ల తమ్ముడున్నాడు. తోబుట్టువుకి టైప్ 1 ఉంటే మిగతా పిల్లలకి నూటికి ఐదుగురికి వచ్చే అవకాశం ఉంటుంది, అంటే 95 మందికి రాదు. లంకల మీద దాడి మొదలైతే రక్తంలో కొన్ని యాంటీబాడీలు కనిపిస్తాయి, ఇన్సులిన్ మీద, బీటా కణాల్లో ఉండే జీఏడీ అనే ప్రోటీన్ మీద, ఇంకో రెండు మూడిటి మీద. ఒక్కటే ఉంటే అంత కంగారు పడక్కర్లేదు. రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న పిల్లల్లో పదేళ్లలో నూటికి 70 మందికి జబ్బు బయటపడిందని 2013లో అచ్చయిన అధ్యయనం చెప్పింది. చిట్టెలుకలో స్లయిడ్ మీద చూసే గట్టుని మనిషిలో చూడటానికి ఇప్పటికి మనకున్న ముఖ్యమైన కిటికీ ఇదే. ముందే తెలిస్తే కనీసం వాంతులతో, ఆయాసంతో, స్పృహ తప్పి ఆస్పత్రిలో చేరే పరిస్థితి రాకుండా చూసుకోవచ్చు. పాప అలాగే చేరింది. మూడు రోజులు ఐసీయూలో ఉంది.

మామయ్య ఫోన్ తీసి ఆ మెసేజ్ మళ్లీ చూశాడు. ఎవరికీ పంపలేదు, తీసేయనూ లేదు. జీఏడీ అంటే ఎలా రాయాలో చెప్పమన్నాడు. లావు అక్షరాలతో తక్‌పట్టీ (సరుకు అమ్మకం చీటీ) వెనకాల రాసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.